ముందువైపు రెండంగుళాలు

ఎండాకాలం మొదట్లో బడిపిల్లల యూనిఫారాల గుడ్డ తాను ఎత్తబోయి మా అక్క వెన్ను విరగ్గొట్టుకుంది. ఇంటికొచ్చి పలకరించిన ప్రతివాళ్లూ ఆ తానునే తిట్టారు. నేను తిట్టలేదు. తప్పు తానుది కాదని నాకు ముందే తెలుసు. తెలిసిన సంగతి నోరు విప్పి చెప్పడానికి మాత్రం నాకు ఆరు వారాలు పట్టింది.

అక్క అంటే తోడబుట్టింది కాదు, తోడికోడలు. మా ఆయన అన్నగారి భార్య. ముప్పై ఒక్క ఏళ్లుగా ఒకే ఇంట్లో వండుకుంటూ, ఇంటి ముందుగదిలో ఒకే కుట్టుకొట్టు నడుపుతున్నాం. ఆవిడ కత్తిరిస్తుంది, నేను కుడతాను. ఆవిడకి అరవై ఆరు, నాకు అరవై. నాకు ముక్కు మీద కోపం. ఆవిడకి కోపం రాదు, మొండితనం వస్తుంది. రెండింట్లో ఏది మేలని మా ఇంట్లో మగవాళ్లని అడిగితే ఇద్దరూ లేచి వీధిలోకి వెళ్లిపోతారు.

ఆ రోజు నేను మిషను మీద చొక్కా కాలరు కుడుతున్నాను. ఆవిడ వంగి, నేలమీదున్న తానుని బల్లమీదికి ఎత్తబోయింది. పడలేదు, జారలేదు, కనీసం అమ్మా అని కూడా అనలేదు. బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

“ఏమైందక్కా?”

“మిషను ఆపు,” అంది. “నన్నెవరో మధ్యకి మడిచేసినట్టుంది.”

డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుగుకి పెట్టి చూపించాడు. పెట్టెలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టున్నాయి వెన్నుపూసలు. నడుముకి కాస్త పైన ఒక పెట్టె ముందువైపు నలిగి ఏటవాలుగా అయిపోయింది.

“ఎముకలు గుల్లబారాయమ్మా,” అన్నాడాయన. “ఇవాళ మొదలైంది కాదు ఇది. ఏళ్ల తరబడి లోపల్లోపలే పల్చబడుతూ వచ్చాయి. విరిగేదాకా నొప్పి ఉండదు, దీంతో వచ్చిన చిక్కే అది. ఇదిగో, ఇంకొంచెం పైన చూడండి. ఇది పాతది. ఎప్పుడు నలిగిందో ఈవిడకే తెలీదు.”

“అయితే తాను బరువుకి కాదా?” అన్నారు బావగారు.

“బరువు ఒక వంక, అంతే. ఈ మధ్య ఎత్తు తగ్గారా? వీపు వంగడం, వేసుకున్న బట్ట ముందువైపు నేలకి తగలడం, అలాంటివేమైనా మీలో ఎవరైనా గమనించారా?”

అక్క లేదంది. బావగారు కాసేపు ఆలోచించి, “ఆవిడెప్పుడూ నాకంటే పొట్టే కదండీ,” అన్నారు. డాక్టరు నావైపు చూశాడు. రోజుకి పదిమందితో గొడవపడే నేను అక్కడ నీళ్లు నమిలాను.

మర్నాడు మధ్యాహ్నం కొట్టు తలుపులు దగ్గరికి వేసి కొలతల పుస్తకాలు కిందికి దించాను. మా కొట్లో ఎవరి పేజీ వాళ్లదే. ఏడాదికోసారి కొత్తగా కొలిచి, పాత కొలతల కిందే రాస్తాం. అక్క పేజీ మాత్రం నా చేతిరాతలో ఉంటుంది, ఎంత గొప్ప కటింగు మాస్టరైనా తనని తాను కొలుచుకోలేదు కాబట్టి. ఆవిడ పొడుగు గౌన్లన్నీ నేనే కొలిచి, నేనే కత్తిరించి, నేనే కుట్టేదాన్ని.

ఆరేళ్ల కిందట, భుజం నుంచి చీలమండ దాకా ముందు యాభై ఒకటి, వెనక యాభై ఒకటి. ఆ మరుసటేడు ముందు అరంగుళం తక్కువ. ఆపైన మరో అరంగుళం. అలా దిగుతూ దిగుతూ పోయిన ఏడాదికి ముందు నలభై తొమ్మిది, వెనక అదే యాభై ఒకటి.

వంగుతున్న మనిషికి ముందు తగ్గించి వెనక వదిలితే గౌను అంచు నేలకి సమంగా నిలుస్తుంది. చూసేవాళ్లకి వంపు కనబడదు. ఈ కిటుకు నాకెవరూ నేర్పలేదు, నేనే కనిపెట్టుకున్నాను. అక్కకి గౌను ఎంత బాగా కూర్చుందో అని ఎవరైనా అంటే లోపల మురిసిపోయేదాన్ని కూడా. డాక్టరు అడిగిన దానికి జవాబు ఆరేళ్లుగా నా దగ్గర అంగుళాల్లో ఉంది. దాన్ని చూసి నేను చేసిందల్లా గుడ్డ కత్తిరించడం. ఆ పూట నామీద నాకే అసహ్యం వేసింది.

కొన్నాళ్లు నడుం వాల్చి, నొప్పి తగ్గుతున్న కొద్దీ లేచి తిరగమన్నాడు డాక్టరు. నొప్పి తగ్గింది. అక్క లేవలేదు. ఎముకల సాంద్రత పరీక్షకి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తీసుకెళితే వచ్చింది, తిరిగొచ్చి మళ్లీ మంచమెక్కింది. వారానికో మాత్ర రాశారు. పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్లతో వేసుకుని, అరగంట దాకా ఏమీ తినకుండా, వాలకుండా ఉండాలి. ఆ అరగంటా ఆవిడ గోడ గడియారం మీద కన్ను వేసి కూర్చునేది. ముప్పై ఒకటో నిమిషం ఆవిడకి గిట్టదు. దిండు మీద తల ఆనించేసేది.

“లేచినా విరుగుతుంది, తుమ్మినా విరుగుతుంది,” అనేది. “పడుకున్నవాళ్లకి విరగదు. కొట్టు నువ్వు చూసుకో.”

కొట్టు నేను చూసుకున్న వైభోగం ఏం చెప్పమంటారు. ఒకరోజు ఒకే చొక్కాకి రెండూ ఎడమ చేతులే కత్తిరించాను. బడులు తెరిచేలోగా ఇవ్వాల్సిన యూనిఫారాలు గోడవారన పేరుకుపోయాయి. అవి కాదు నా బెంగ. ముప్పై ఒక్క ఏళ్లలో కత్తిరించే బల్ల దగ్గర ఆవిడ లేని రోజులు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. బల్ల వదిలేస్తే మా అక్క ఇక లేవదని నాకు భయం పట్టుకుంది.

మూడో వారంలో, రెండు వీధుల అవతలున్న ఆరోగ్యకేంద్రం నుంచి నర్సమ్మ వచ్చింది. అక్కని పక్కకి ఒత్తిగిలి లేవడం ఎలాగో నేర్పింది. పడుకుంటే ఎముక ఇంకా పల్చబడుతుందని, ఎముకకి పని కావాలని చెప్పింది. అక్క మర్యాదగా తలూపింది. ఒక్క మాటా చెవిన వేసుకోలేదని నాకు అర్థమైంది. నర్సమ్మకీ అర్థమైంది.

“ఈవిడకి తనలాంటి వాళ్లు నలుగురు కనబడాలమ్మా,” అంది వీధి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ. “మా కేంద్రంలో హాలు ఖాళీగానే ఉంది. వ్యాయామాలు నేర్పే మేడం బుధవారాలు వస్తానంటోంది. పదిమంది పేర్లిస్తేనే పంపిస్తామంటారు పై ఆఫీసువాళ్లు. ఏడాదిగా వెతికితే ముగ్గురు దొరికారు. విరిగినవాళ్లు మంచం దిగరు, విరగనివాళ్లకి తమకుందని తెలీదు.”

“ఎవరెవరికి ఉందో నాకు తెలుసు,” అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. “మీరేమైనా డాక్టరా?”

“దర్జీని.”

లోపలికి తీసుకెళ్లి పుస్తకం చూపించాను. నిలబడే నాలుగు పేజీలు తిరగేసి, పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయింది. “ఎత్తు తగ్గిన ప్రతివాళ్లకీ ఇదే అనుకోకూడదు,” అంది. “కానీ వీళ్లందరికీ పరీక్ష మాత్రం చేయించాల్సిందే. మీరు మనుషుల్ని తీసుకురండి, పరీక్ష సంగతి నేను చూసుకుంటాను.”

ఆ రోజు నుంచి కాలికి బలపం కట్టుకుని తిరిగాను. పొద్దున కుట్టడం, సాయంత్రం పుస్తకం చంకన పెట్టుకుని ఇళ్లమీద పడటం. ముందువైపు అంగుళంన్నర పైన తగ్గినవాళ్లు పద్నాలుగు మంది తేలారు. నువ్వు కుంచించుకుపోతున్నావమ్మా అని ఒక ఆడమనిషి గుమ్మంలో నిలబడి చెప్పడం ఎంత కష్టమో నాకు ముందు తెలీదు. ఒకావిడ మొహం మీదే తలుపేసింది. ఒకావిడ తన ముక్కుపొడుం అలవాటు గురించి అనుకుని ఒంటికాలి మీద లేచింది. ఆ అలవాటుందని నాకప్పుడే తెలిసింది.

అందరికంటే గట్టి పిండం మా వీధి చివర హెడ్మాస్టరమ్మ. ఉద్యోగం వదిలి పన్నెండేళ్లయినా ఎదురుగా నిలబడితే హోంవర్కు చెయ్యలేదేమోనని భయమేస్తుంది.

“అంటే నేను పొట్టిదాన్నైపోయానంటావు,” అంది.

“నేననడం లేదు మేడం. పుస్తకం అంటోంది. అంగుళం ముప్పావు.”

“నీ టేపు సాగిపోయి ఉంటుంది. సాగిన టేపుకి కొలత తగ్గి వస్తుంది. అది లెక్కల్లో మొదటి పాఠం.”

“సాగితే అందరికీ సాగాలి కదా. మీ అమ్మాయికి పన్నెండేళ్లుగా ఒకటే కొలత వస్తోంది.”

ఆవిడ పుస్తకం లాక్కుని, కళ్లజోడు సవరించుకుని, తన పేజీ అంతా కూడికలు సరిచూసినట్టు చూసింది. తరవాత లేచి వంటింటి గుమ్మం దగ్గరికెళ్లి పై అరకేసి చెయ్యి చాపింది. వేళ్లు అరకి కిందే ఆగిపోయాయి. “ఈ డబ్బాలు ఈ మధ్య అందడం లేదేమిటా అనుకుంటున్నాను,” అంది. “ఏ వారం?”

“బుధవారం మేడం.”

ఆ పద్నాలుగు మందిలో ఐదుగురు ఆడవాళ్లు వస్తామన్నారు. ఆరోవాడు రిటైరైన పోస్టుమాను. మగవాళ్లకి రాదనుకునేదాన్ని నేను. వస్తుందని నర్సమ్మ చెప్పాక, ఆయన చొక్కా ముందువైపు రెండేళ్లలో రెండుసార్లు తగ్గించానని గుర్తొచ్చింది. నర్సమ్మ ముగ్గురూ ఈ ఆరుగురూ కలిసి తొమ్మిది. పదో పేరు నా మనసులో మొదటినుంచీ ఉన్నదే.

“నేను రాను,” అంది అక్క. దిండు సర్దుకుని గోడవైపు తిరిగింది.

“నీ కోసమేనక్కా ఇంత తిరిగింది. కాళ్లు వాచిపోయాయి నాకు.”

“నేను తిరగమన్నానా?”

అప్పుడు నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. కోపంలోనే అసలు మాట బయటికొచ్చింది. “నీకు వీపు వంగుతోందని ఆరేళ్ల నుంచి నాకు తెలుసు. ముందువైపు రెండంగుళాలు తగ్గావు. ఏటా కొలిచి, ఏటా రాసి, బయటికి కనబడకుండా కుట్టి కప్పెట్టాను. అప్పుడే నోరు విప్పి ఉంటే ఇవాళ ఈ మంచం ఉండేది కాదు. తాను విరగ్గొట్టలేదు నీ వెన్ను. నేను విరగ్గొట్టాను.”

చెప్పేశాక మంచం పట్టెమీద కూర్చున్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

“నాకు తెలీదనుకున్నావా?” అంది అక్క, గోడవైపు చూస్తూనే. “ముప్పై ఒక్క ఏళ్లుగా గుడ్డ కత్తిరిస్తున్నాను. నా గౌను తిరగేసి చూస్తే ముందెంతుందో వెనకెంతుందో నాకు తెలీదా? నువ్వు అనడం లేదు కదా, నేను వినక్కర్లేదులే అనుకున్నాను.”

ఇద్దరం ఇక ఆ మాట ఎత్తలేదు. ఆవిడ నావైపు తిరిగి, “అది సరే,” అంది. “నిన్ను కొలిచి ఎన్నేళ్లయింది?”

“నాకేం, దుక్కలా ఉన్నాను.”

“టేపు తే.”

నేను తెచ్చాను. పక్కకి ఒత్తిగిలి, మోచెయ్యి ఆన్చి, కాళ్లు కిందికి దించి లేచింది. నర్సమ్మ నేర్పింది అక్షరం పొల్లుపోకుండా. మంచం కోడు పట్టుకుని నిలబడి నన్ను ఎదురుగా నిలబెట్టింది. అడుగు దాకా వంగొద్దని నేనే టేపు కింది కొస కాలితో తొక్కిపెట్టాను. భుజం దగ్గర ఆవిడ వేలు ఆగింది. నా కొలతలు ఆవిడకి పుస్తకం అక్కర్లేకుండానే నోటికొచ్చు.

“ముప్పావు అంగుళం తగ్గావు,” అంది.

“టేపు సాగిపోయింది.”

ఆవిడ నవ్వింది. నడుం పట్టుకుని నవ్వింది. ఐదారు వారాల్లో అదే మొదటిసారి. నేనూ నవ్వబోయేంతలో మళ్లీ మంచమెక్కి దుప్పటి లాక్కుంది. “పదో మనిషివి నువ్వే. వెళ్లి పేరు రాయించుకో. నన్నొదిలెయ్యి.”

మొండితనానికి తోడు జాణతనం కూడా ఉందని అప్పుడు తెలిసింది నాకు.

ఆ బుధవారం పదిమందిమీ హాల్లో కూర్చున్నాం. వ్యాయామాల మేడం పాతికేళ్ల పిల్ల, సన్నగా ఉంటుంది, గొంతు మాత్రం బస్టాండు అంత. గోడకి మడమలు, వీపు, తల ఆనించి నిలబడమంది. మాలో ఐదుగురికి తల గోడకి ఆనలేదు. కుర్చీ వీపు పట్టుకుని మడమలు ఎత్తి దించాం. ఒంటికాలి మీద నిలబడ్డాం. చేతులు గుండెలకి కట్టుకుని కుర్చీలోంచి లేచి కూర్చున్నాం. ఇంట్లో కాలికి అడ్డంపడే చాపలూ పట్టాలూ తియ్యమంది, స్నానాలగదిలో పట్టుకోవడానికి కమ్మీ పెట్టించుకోమంది. ఏదైనా ఎత్తాలంటే వీపు వంచకుండా మోకాళ్లు వంచమంది. అయ్యాక ఒకరి భయాలు ఒకరికి చెప్పుకున్నాం. బాత్రూములో జారి మణికట్టు విరిగినావిడ, తుమ్మడానికి కూడా గోడ పట్టుకునేదాన్నని చెప్పి పగలబడి నవ్వింది. హెడ్మాస్టరమ్మ తనంతట తనే హాజరు పట్టీ మొదలుపెట్టింది. రెండో వారం ఒకరు ఎగ్గొడితే పోస్టుమాను వెళ్లి ఇంటి తలుపు తట్టి తీసుకొచ్చాడు.

ఇవన్నీ వచ్చి అక్కకి చెప్పేదాన్ని. ఆవిడ వినీ విననట్టు పడుకునేది. మేడం ఇచ్చిన బొమ్మల కాగితం ఆవిడ దిండు పక్కన పెట్టాను. దాన్ని ఆవిడ ముట్టుకున్నట్టే కనబడలేదు.

ఒకరోజు పొద్దున ఆవిడ గదిలోనే వ్యాయామం చేస్తున్నాను. చివర్లో, చిన్నప్పుడు బడిలో చేసినట్టు నడుం వంచి కాలివేళ్లు అందుకోబోయాను.

“అలా వంగకు,” అంది మంచంమీంచి.

“ఏం?”

“వీపు గుండ్రంగా చేసి ముందుకి వంగొద్దని ఆ కాగితంలో ఉంది. కింద కుడిపక్క బొమ్మ, మీద అడ్డగీత కొట్టి ఉంది. ఇందాక కుర్చీ లేవడం కూడా తప్పే. పాదాలు మరీ ముందుకి పెట్టావు. నాలుగు వేళ్లు వెనక్కి పెట్టి చూడు.”

పెట్టి చూశాను. లేవడం తేలికైంది. నేనేమీ అనలేదు. అంటే చెడుతుందని ముప్పై ఒక్క ఏళ్ల అనుభవం.

“నీకు నేర్పే మనిషి ఇది చూసుకోదా?” అంది.

“పదిమందిమి. ఎంతమందినని చూస్తుంది పాపం.”

బుధవారం పొద్దున నేను చెప్పులు వేసుకుంటుంటే అక్క చేతికర్రతో గుమ్మంలో నిలబడి ఉంది. బావగారు పక్కనే, పట్టుకోవాలా వద్దా తెలీక చేతులు చాపుకుని నిలబడ్డారు. “మీరు రానక్కర్లేదు,” అందాయనతో. రెండు వీధులు నడవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. దార్లో రెండుసార్లు ఆగింది. వెనక్కి పోదామని మాత్రం అనలేదు.

హాల్లో హెడ్మాస్టరమ్మ పట్టీలో పదకొండో పేరు రాసింది. మేడం అక్క కాగితాలన్నీ చదివి, ఆవిడని గోడవారన ఎత్తైన కుర్చీలో కూర్చోబెట్టి, తను పక్కనే నిలబడింది. అందరం కలిసి మొదలుపెట్టాం. లేవడం, కూర్చోవడం, పదిసార్లు. అక్క నాలుగు లేచి ఆగిపోయింది. రెండు చేతులా కుర్చీ అంచు పట్టుకుంది. మేం పదీ పూర్తి చేశాం.

“చాలమ్మా,” అంది మేడం. “మొదటిరోజుకి నాలుగు చాలా ఎక్కువ.”

“వీళ్లెన్ని చేశారు?”

“పది. మీకు తొందరేం లేదు. నొప్పిగా ఉందా?”

“నొప్పి లేదు,” అంది అక్క. మా అందరి ముందూ, ఏమీ దాచుకోకుండా అంది. “భయంగా ఉంది.”

మేడం ఆవిడ మొహంలోకి చూసింది. “నొప్పైతే ఆపమనేదాన్ని. భయానికైతే ఆగనక్కర్లేదు. ఊపిరి పీల్చుకోండి, నేనిక్కడే ఉంటాను.”

అక్క ఊపిరి పీల్చుకుంది. ఐదు. కూర్చుని, నిమిషం ఆగి, ఆరు. ఎండ హాలు కిటికీ దాటి లోపలికొచ్చింది. ఎవరి పని వాళ్లకి ఉన్నా ఒక్కరూ కదల్లేదు. పోస్టుమాను చేతిసంచీ భుజాన తగిలించుకుని కూడా అలాగే నిలబడ్డాడు. ఏడు. ఎనిమిదికి సగం లేచి మళ్లీ కూర్చుండిపోయింది. మేడం అది లెక్కలోకి తీసుకుందామంది. అక్క ఒప్పుకోలేదు, మళ్లీ లేచింది. పట్టుకోవడానికి ఒక్క అడుగు ముందుకేసి, వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాను. తొమ్మిది.

పదోసారి లేచింది. ఈసారి కూర్చోలేదు. చేతికర్ర అందుకుని, అందరినీ దాటుకుంటూ నా దగ్గరికి వచ్చి ఆగింది. చెంపల మీద చెమట కారుతోంది.

“కొట్టు రేపు ఎన్నింటికి తీస్తున్నావ్?” అంది.

“ఎప్పట్లాగే. తొమ్మిదికి.”

“బడులు తెరవడానికి వారమే ఉంది,” అంది. “ఎనిమిదికి తియ్యి.”